మే 9 సభలు జరిపే మిత్రులకు బహిరంగ లేఖ

సోవియట్ కాలం నుంచీ మైత్రీ సంఘాలు నడుపుతున్న పెద్దలకు, అక్కడ చదువుకొని వచ్చి ఇక్కడ స్థిరపడిన డాక్టర్లకు, ఇంజినీర్లకు, నాజీ జర్మనీ మీద సోవియట్ గెలుపు రోజైన మే 9తో సహా రష్యా తేదీలను ఏటా మరవకుండా జరిపే ఉపాధ్యాయ మిత్రులకు నమస్కారం.

నేను బయటివాణ్ని కాను. 1983 నుంచి ఆరేళ్లు లెనిన్‌గ్రాడ్‌లో (ఇప్పటి సెయింట్ పీటర్స్‌బర్గ్) చదువుకున్నాను. అంతకు ముందు, విశాలాంధ్ర పుస్తకాల వ్యాను మా ఊరు వచ్చినప్పుడల్లా నాన్న ఇచ్చిన చిల్లరతో మాస్కోలో అచ్చయిన తెలుగు పుస్తకాలు కొనుక్కొని, ఆ కాగితం వాసన చూసుకుంటూ ఇంటికి నడిచినవాణ్ని. మీ సభల్లో కుర్చీలు వేశాను, ఫ్లెక్సీలు కట్టాను, రష్యన్ పాటలకు మైకులో తెలుగు అర్థం చెప్పాను. అందుకే మొదట లోపల్లోపలే అడిగాను. ఏడాదిన్నరలో మూడు ఉత్తరాలు రాశాను. మొదటిదానికి జవాబు లేదు. రెండోదానికి "చూద్దాం" అన్నారు. మూడోది అందాక ఫోన్ చేసి, "ఇది వేడుక సార్, ఇందులోకి రాజకీయాలు తేకండి" అన్నారు. ఇక నలుగురిలో అడగక తప్పలేదు.

అడిగింది పెద్ద కోరికేమీ కాదు. రష్యా సైన్యంలో చిక్కుకొని ఉక్రెయిన్ యుద్ధంలో చనిపోయిన, ఆచూకీ తెలియని మన కుర్రాళ్ల గురించి వేదిక మీద రెండు నిమిషాలు మాట్లాడమన్నాను. వాళ్ల ఇళ్లవాళ్లకు చేతనైన సాయం చేద్దామన్నాను.

2025 మే 9 సభ మీకు గుర్తుండే ఉంటుంది. విజయానికి 80 ఏళ్లు కదా, హాలు నిండిపోయింది. వేదిక వెనక ఎర్రటి ఫ్లెక్సీ, దాని మీద బెర్లిన్‌లో రైష్‌స్టాగ్ (జర్మనీ పార్లమెంటు భవనం) పైన జెండా పాతుతున్న సైనికుల ఫోటో. చివరి వరుసలో, ఫోటోల ప్రదర్శన పక్కన, ఒక పెద్దాయన నిలబడి ఉన్నాడు. తెలంగాణలోని ఒక జిల్లా నుంచి తెల్లవారుజామున బస్సెక్కి వచ్చాడు. చేతిలో పాలిథీన్ కవరు. అందులో కొడుకు పాస్‌పోర్టు జిరాక్సు, వాట్సాప్‌లో వచ్చిన యూనిఫాం ఫోటోకు తీయించిన ప్రింటు, నాలుగు పేజీల రష్యన్ కాంట్రాక్టు. హెల్పర్ పని అని ఏజెంటు పంపాడు. లక్షల్లో అప్పు చేశారు. ఫోన్ ఆగిపోయి నెలలు గడిచాయి. "రష్యా సభ అని పేపర్లో చూశాను సార్. రష్యావాళ్లు ఎవరన్నా వస్తారేమోనని వచ్చాను" అన్నాడు.

అప్పుడు మైకులో ఎర్ర సైన్యం పాట నడుస్తోంది. మనలో ఒకాయన వచ్చి, "ఇక్కడ కాదండీ, కలెక్టరాఫీసుకు వెళ్లండి" అని మెల్లగా చెప్పాడు. ఆయన అప్పటికే మూడుసార్లు వెళ్లొచ్చాడు. టీ ముట్టకుండా వెళ్లిపోయాడు. పోతూ పోతూ కవరు నా చేతిలో పెట్టి, "మీకు ఆ భాష వచ్చంట గదా" అన్నాడు.

ఆ రాత్రి కాంట్రాక్టు చదువుతూ కూర్చుంటే నాకు మా హాస్టల్ గేటు దగ్గర కూర్చునే ముసలామె గుర్తొచ్చింది. అలాంటివాళ్లను అక్కడ దెజూర్నాయా అంటారు, మీకు తెలుసు. రాత్రి ఆలస్యంగా వస్తే తిట్టి, ఆ తర్వాత చాయ్ ఇచ్చేది. బల్ల మీద రాలిన రొట్టె పొడిని వేలితో అద్దుకొని నోట్లో వేసుకునేది. జర్మన్లు 1941 సెప్టెంబర్ 8న ఆ నగరాన్ని చుట్టుముట్టినప్పుడు ఆమెకు పదకొండేళ్లు. ఆ ఏడాది నవంబర్ 20 నుంచి డిసెంబర్ 25 దాకా పనిలేని పెద్దవాళ్లకు, పిల్లలకు రోజుకు 125 గ్రాముల రొట్టె. అందులోనూ పిండి కొంతే. ముట్టడి 1944 జనవరి 27 దాకా, 872 రోజులు నడిచింది.

1985 మే 9న మమ్మల్ని నలుగురిని ట్రాములో పిస్కర్యోవ్‌స్కోయె శ్మశానానికి తీసుకెళ్లింది. సుమారు 5 లక్షల మందిని సామూహికంగా పూడ్చిన చోటు అది. పొడవాటి మట్టి దిబ్బలు, ఒక్కో దిబ్బ ముందు ఒక రాయి. రాయి మీద పేర్లుండవు. ఏడాది ఉంటుంది. సైనికులైతే నక్షత్రం, మామూలు జనమైతే సుత్తి కొడవలి. ఆ ముసలామె వాళ్లమ్మ 1942 ఫిబ్రవరిలో పోయింది. దుప్పట్లో చుట్టి, మంచు మీద లాగే పిల్లల బండి మీద పెట్టి వీధి చివర అప్పగించి వచ్చారు. ఎక్కడ పూడ్చారో తెలియదు. అందుకని ప్రతి ఏడూ 1942, సుత్తి కొడవలి ఉన్న రాళ్లలో ఏదో ఒకదాన్ని ఎంచుకుంటుంది. ఒక రొట్టె ముక్క, రెండు చాక్లెట్లు పెడుతుంది. "పోయినసారి అటు పెట్టాను, ఈసారి ఇటు" అంది. అక్కడి గోడ మీద చెక్కి ఉంటుంది: ఎవరినీ మరవలేదు, దేన్నీ మరవలేదు. ఆమె ఆ గోడ వైపు చూడలేదు.

ఆ వాక్యాన్ని మనం ఫ్లెక్సీల మీద వేస్తాం. దాని వెనక ఉన్న చరిత్రను మాత్రం చెప్పం. ఇప్పుడు నేను చెప్పేవి ఎవరో శత్రువులు పుట్టించినవి కావు. ఆ దేశపు రికార్డుల్లోవే.

మే 9 సెలవును 1948 నుంచి స్టాలినే తీసేశాడు. ఆ ఏడాది నుంచే సైనికుల పతకాలకు నెలనెలా ఇచ్చే డబ్బు, రైలు ప్రయాణ సౌకర్యం రద్దయ్యాయి. బ్రెజ్నెవ్ వచ్చాక, 1965లో గానీ సెలవు తిరిగి రాలేదు. లెనిన్‌గ్రాడ్ ముట్టడి మీద జనం తమ ఇళ్ల నుంచి తెచ్చిచ్చిన వస్తువులతో పెట్టిన మ్యూజియాన్ని 1949లో మూసేశారు, దాని డైరెక్టర్ను అరెస్టు చేశారు. అది మళ్లీ తెరుచుకున్నది నేను తిరిగొచ్చిన 1989లో. ఇక చనిపోయినవాళ్ల లెక్క చూడండి. 1946లో స్టాలిన్ చెప్పింది 70 లక్షలు. 1961లో క్రుశ్చేవ్ చెప్పింది 2 కోట్లు. 1990లో గోర్బచేవ్ చెప్పింది దాదాపు 2 కోట్ల 70 లక్షలు. చనిపోయినవాళ్లు పెరగరు కదా. చెప్పడానికి ధైర్యం చాలినంతే బయటికొచ్చింది.

దౌత్యం సంగతీ అంతే. ఫిబ్రవరి 10 దౌత్యవేత్తల దినం, మన సంఘం పత్రికలో ఏటా ఒక వ్యాసం వస్తుంది. 1918 నాటి బ్రెస్ట్-లితోవ్స్క్ ఒప్పందం, 1922 నాటి రపాల్లో ఒప్పందం, 1945 యాల్టా సమావేశం అన్నీ ఉంటాయి. 1939 ఆగస్టు 23 ఎప్పుడూ ఉండదు. ఆ రోజు సోవియట్, జర్మనీ విదేశాంగ మంత్రులు మోలొతోవ్, రిబ్బెన్‌త్రోప్ సంతకాలు చేసిన ఒప్పందం వెనక పోలెండును, బాల్టిక్ దేశాలను పంచుకునే రహస్య పత్రం ఉంది. అలాంటిదేమీ లేదని యాభై ఏళ్లు బుకాయించి, 1989 డిసెంబర్ 24న సోవియట్ ప్రజాప్రతినిధుల సభే దాన్ని ఒప్పుకొని ఖండించింది. వాళ్ల పార్లమెంటు ఒప్పుకున్నదాన్ని మన పత్రిక ఒప్పుకోదు! ఇదేం విడ్డూరమో నాకు అర్థం కాదు.

అఫ్గానిస్తాన్ యుద్ధం చివరి ఏళ్లలో నేను లెనిన్‌గ్రాడ్‌లోనే ఉన్నాను. 1979 డిసెంబర్‌లో వెళ్లిన సోవియట్ సైన్యం 1989 ఫిబ్రవరి 15న అమూ దర్యా వంతెన దాటి తిరిగొచ్చింది. సుమారు 15 వేల మంది పోయారు. మొత్తం ఎంతమందన్నది మొదటిసారి అధికారికంగా చెప్పింది 1988 మేలో. యుద్ధం తొలి ఏళ్లలో సమాధి రాయి మీద అఫ్గానిస్తాన్ అన్న మాట రాయనిచ్చేవాళ్లు కాదు. మా క్యాంటీన్ వంటావిడ కొడుకు జింకు పెట్టెలో వచ్చాడు. మూత అతికేసి ఉంది. లోపల ఉన్నది తన బిడ్డో కాదో ఆమెకు తెలియదు. మరో వారంలో పనిలోకి వచ్చి మాకు కాషా (అక్కడి జావ) వడ్డించింది.

2015 మే 28న రష్యా అధ్యక్షుడి ఉత్తర్వు ఒకటి వచ్చింది. శాంతి సమయంలో ప్రత్యేక సైనిక చర్యల్లో చనిపోయినవాళ్ల వివరాలు కూడా దేశ రహస్యమేనని దాని సారం. ఉక్రెయిన్ యుద్ధంలో తమ మృతులు 5,937 మంది అని రష్యా రక్షణ మంత్రి 2022 సెప్టెంబర్ 21న చెప్పారు. ఆ శాఖ నుంచి ఆ తర్వాత మొత్తం లెక్క రాలేదు. సంతాప ప్రకటనలు, సమాధులు చూసి పేరుపేరునా రాసుకుంటున్న అక్కడి స్వతంత్ర పాత్రికేయుల జాబితా 2025 వేసవి నాటికే లక్ష దాటింది.

మన కుర్రాళ్లు పడింది ఈ గోతిలోనే. సోషల్ మీడియా వీడియోలు చూపి, హెల్పర్ పని, సెక్యూరిటీ పని అని తీసుకెళ్లారు. 2024 మార్చిలో సీబీఐ కేసు పెట్టి చాలాచోట్ల సోదాలు చేసింది. అదే నెలలో హైదరాబాద్ యువకుడు ఒకరు చనిపోయినట్టు మాస్కోలోని మన రాయబార కార్యాలయం ధ్రువీకరించింది. ఆ జులైలో ప్రధాని మాస్కో వెళ్లినప్పుడు ఈ విషయం ఎత్తారు. 2025 జనవరిలో విదేశాంగ శాఖ చెప్పిన లెక్క ఇది: మొత్తం 126 మంది, తిరిగొచ్చినవాళ్లు 96, చనిపోయినవాళ్లు 12, ఆచూకీ లేదని రష్యా చెప్పినవాళ్లు 16. ఆ తర్వాత కూడా కొత్త పేర్లు బయటపడుతూనే ఉన్నాయి.

మీరు పట్టించుకోకపోతే ఏమవుతుందో, మన ఊళ్ల సంగతిగానే చెప్తాను.

1. ఆచూకీ లేదు అన్న మాటతో ఇంట్లో ఏ పనీ జరగదు. మరణ ధ్రువపత్రం రాదు. అది లేనిదే బీమా లేదు, బ్యాంకు ఖాతా చేతికి రాదు, రావలసిన జీతం అడగడానికి ఆధారం లేదు. మన చట్టం ప్రకారం మనిషి కబురు లేక ఏడేళ్లు గడిస్తే తప్ప చనిపోయాడని అనుకోవడానికి లేదు. వడ్డీ వ్యాపారి ఏడేళ్లు ఆగడు. భార్య బొట్టు పెట్టుకోవాలో వద్దో ఊరివాళ్లే తీర్పు చెప్పేస్తారు.

2. భాష తెలియదు. సంతకం పెట్టినవాడికి ఆ కాంట్రాక్టులో ఏముందో తెలియదు, ఇప్పుడు ఆ కాగితం పట్టుకొని తిరుగుతున్న తండ్రికీ తెలియదు. నా దగ్గరున్న నాలుగు పేజీల్లో పని అన్న చోట సైనిక సేవ అని స్పష్టంగా ఉంది. చదివి చెప్పేవాడు పక్కన ఒక్కడుంటే ఆ అబ్బాయి ఆ రోజే వెనక్కి తిరిగేవాడు. రష్యన్ చదవగలిగినవాళ్లు రెండు రాష్ట్రాల్లో వందల్లో ఉన్నాం. పుష్కిన్ పద్యాలు చదివి చప్పట్లు కొట్టించుకుంటున్నాం.

3. మన సభల్లో యుద్ధం అంటే పతకం, పాట, జెండా. పద్దెనిమిదేళ్ల కుర్రాడు అవే ఫోటోలు దిగుతాడు, రీల్ పెడతాడు. ఏజెంటు వీడియోకీ మన ఫ్లెక్సీకీ తేడా వాడికి ఎలా తెలియాలి? ఇంకో మాట, కొంచెం చేదుగా ఉంటుంది. మన సభలకు విదేశీ చదువుల కన్సల్టెన్సీలు స్పాన్సర్లుగా ఉంటున్నాయి. అందరూ చెడ్డవాళ్లని అనడం లేదు. కానీ వాళ్లు ఎవరిని, ఏ పనికి పంపుతున్నారో ఒక్కసారైనా అడిగామా?

4. 2022 ఫిబ్రవరిలో ఉక్రెయిన్‌లోని ఖార్కివ్ సెల్లార్లలో తలదాచుకొని, నడిచి, రైళ్లెక్కి, ఆపరేషన్ గంగ విమానాల్లో ఇల్లు చేరిన మెడిసిన్ విద్యార్థుల్లో తెలుగు పిల్లలు ఎందరో ఉన్నారు. వాళ్ల తల్లిదండ్రుల్లో కొందరు మన సభ్యులే. వాళ్ల ముందు విజయం రష్యా ఒక్కదానిదే అన్నట్టు మాట్లాడుతున్నాం. రైష్‌స్టాగ్ మీద జెండా పాతిన ముగ్గురి సంగతి తీసుకోండి. యెగోరోవ్ రష్యన్. కంతారియా జార్జియన్. వాళ్లను నడిపించిన లెఫ్టినెంట్ బెరెస్త్ ఉక్రెయినియన్. మొదటి ఇద్దరికీ సోవియట్ వీరుడు బిరుదు వచ్చింది, బెరెస్త్‌కు రాలేదు. 1970లో రస్తోవ్‌లో రైలు కింద పడబోతున్న చిన్నపిల్లను తోసేసి తను చనిపోయాడు. 2005లో ఉక్రెయిన్ ఆయనకు తన వీరుడి బిరుదిచ్చింది. మన ప్రదర్శనలో ఆయన ఫోటో లేదు. నేను అడిగితే "దొరకలేదు" అన్నారు.

"మనకు అండగా నిలబడిన దేశం కదా, ఇప్పుడు ఇవన్నీ ఎందుకు?" అని మీరంటారు. నిలబడింది, కాదనను. 1947 ఏప్రిల్ 13న, మనకింకా స్వాతంత్ర్యం రాకముందే దౌత్య సంబంధాలు మొదలయ్యాయి. 1971 ఆగస్టు 9న ఢిల్లీలో స్వరణ్ సింగ్, గ్రొమీకో సంతకాలు చేసిన ఒప్పందం ఆ డిసెంబర్ యుద్ధంలో మనకెంత ఊపిరిచ్చిందో తెలుసు. బాలానగర్ ఐడీపీఎల్, విశాఖ ఉక్కు, సోవియట్ యూనియన్‌లో తయారై 1969లో మన నౌకాదళంలో చేరి ఇప్పుడు విశాఖ ఆర్కే బీచ్‌లో మ్యూజియంగా ఉన్న జలాంతర్గామి కుర్సురా, ఏదీ మరవలేదు. కానీ కృతజ్ఞత ఉంటే నోరు కట్టేసుకోవాలా? ఆంధ్ర విశ్వవిద్యాలయానికి వైస్ ఛాన్సలర్‌గా చేసిన రాధాకృష్ణన్ గారు మాస్కోలో మన రాయబారిగా 1950లో స్టాలిన్‌ను కలిసినప్పుడు, నెత్తుటి గెలుపు తర్వాత యుద్ధం మానేసిన అశోకుడి సంగతి ఎత్తారని చెప్పుకుంటాం. ఆ మాట అన్నందుకు స్నేహం చెడలేదు.

ఒక్క మనిషిని ఎలా గుర్తు పెట్టుకోవాలో రష్యన్లకు తెలియదనీ అనను. 1971 యుద్ధం తర్వాత బంగ్లాదేశ్‌లోని చిట్టగాంగ్ రేవులో మందుపాతరలు, మునిగిన ఓడలు తీయడానికి 1972లో సోవియట్ నౌకాదళం వచ్చి రెండేళ్లకు పైగా పనిచేసింది. అందులో యూరి రెద్కిన్ అనే నావికుడు 1973లో చనిపోయాడు, వయసు 22. అక్కడే పతెంగా దగ్గర సమాధి ఉంది. రష్యా దౌత్యవేత్తలు నేటికీ అక్కడ పూలు పెడతారు. పరాయి నేల మీద పోయిన తమ కుర్రాడి సమాధి ఎక్కడుందో వాళ్లకు తెలుసు. తమ నేల నుంచి యుద్ధానికి పంపిన మన కుర్రాళ్లు ఎక్కడున్నారో చెప్పమనే మనమూ అడుగుతున్నాం.

అందుకని ఈ కోరికలు.

1. ఈసారి ఫిబ్రవరి 23 (రష్యా సైనిక దినం), మే 9 సభల్లో రెండు నిమిషాలు, కుటుంబాలు ఒప్పుకుంటే పేర్లతో సహా, చనిపోయిన, జాడ లేని భారతీయులను తలుచుకోవాలి. అదే వరుసలో ఉక్రెయిన్ మృతులను కూడా.

2. రష్యన్ చదవగలిగిన ఇరవై మందితో ఒక జట్టు కావాలి. కాంట్రాక్టులు, ఆస్పత్రి కాగితాలు, సైనిక కార్యాలయాల నుంచి వచ్చే జవాబులు, డీఎన్‌ఏ పరీక్షల పత్రాలు ఉచితంగా తెలుగులోకి మార్చి ఇవ్వాలి. కుటుంబాల తరఫున రష్యన్‌లో ఉత్తరాలు రాసి పెట్టాలి. నా పేరు మొదట రాసుకోండి. మీ తీర్మానం కోసం ఆగకుండా పని మొదలుపెట్టాను.

3. ఢిల్లీలోని రష్యా రాయబార కార్యాలయానికి, మన విదేశాంగ శాఖకు అన్ని సంఘాలూ కలిసి ఒకే ఉత్తరం పంపాలి. ప్రతి భారతీయుడి పేరు, ఏ తేదీన చేరాడు, చివరిసారి ఎక్కడున్నాడు, ఇప్పుడేమయ్యాడు రాతపూర్వకంగా కావాలి. ఇంకా ఉన్నవాళ్లను వదిలిపెట్టాలి. పోయినవాళ్ల అవశేషాలు, బాకీ జీతం, పరిహారం ఇంటికి చేరాలి. రాయబారి వేదిక మీద ఉన్నప్పుడే ప్రతిని చేతికివ్వాలి. శాలువా కప్పాక ఇచ్చినా సరే.

4. ప్రదర్శనలోంచి ఏదీ తీయక్కర్లేదు. కొన్ని కలపండి చాలు: పిస్కర్యోవ్‌స్కోయెలో పేరులేని రాయి, 1939 ఆగస్టు 23 సంతకం, జింకు పెట్టె, బెరెస్త్ ఫోటో. ఆ ఫోటో నేను తెచ్చిస్తాను, దొరికింది. ఎర్ర సైన్యపు గుళిక ఒకటి కూడా ఉండాలి. సైనికుడు తన పేరు, ఊరు కాగితం మీద రాసి జేబులో పెట్టుకునే చిన్న నల్ల డబ్బీ అది. రాస్తే చస్తామన్న భయంతో చాలామంది ఖాళీగా ఉంచుకున్నారు. 1942 నవంబర్‌లో సైన్యమే ఆ డబ్బీలను ఎత్తేసింది. ఇప్పటికీ నాటి యుద్ధభూమి ర్జెవ్ అడవుల్లో ఎముకలు తవ్వి తీస్తున్న స్వచ్ఛంద బృందాలకు పేర్లు దొరకనిది అందుకే.

5. పని పేరుతో మనుషులను విదేశాలకు పంపే ఎవరి దగ్గరా, లైసెన్సు చూడకుండా సభలకు డబ్బు తీసుకోవద్దు.

ఈ నెలాఖరులోగా జవాబు కోరుతున్నాను. పాలిథీన్ కవరులోని నాలుగు పేజీలూ తెలుగు చేసి ఆ పెద్దాయనకు పంపాను. కొడుకు చేరిన యూనిట్ నంబరు మూడో పేజీలో ఉంది. ఆ నంబరుతో రష్యన్‌లో ఉత్తరం రాసి పెట్టుకున్నాను, కింద మీ సంఘాల ముద్రలకు చోటు వదిలాను.

ఇట్లు,
మీ సభల్లో కుర్చీలు వేసే పాత లెనిన్‌గ్రాడ్ విద్యార్థి